అడగాలా, చూడాలా, మార్చి చూడాలా: ప్రవర్తన మీద చిన్న అధ్యయనానికి పద్ధతిని ఎంచుకోవడం

డిగ్రీ చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసమో, బి.ఎడ్.లో భాగంగా చేయవలసిన చిన్న పరిశోధన కోసమో, తాను పనిచేసే బడిలోనో ఆరోగ్య కేంద్రంలోనో రోజూ కనబడే ఒక అలవాటుకు కారణం తెలుసుకోవాలన్న పట్టుదలతోనో మనుషుల ప్రవర్తన మీద అధ్యయనం మొదలుపెట్టేవారు నెల్లూరులోనూ ఒంగోలులోనూ తరచు తారసపడతారు. వారిలో చాలామంది ప్రశ్న తట్టిన మరుక్షణమే ప్రశ్నావళి రాయడానికి కూర్చుంటారు. గూగుల్ ఫారమ్ లింకు వాట్సాప్ గ్రూపులో పెడితే సాయంత్రానికల్లా వంద జవాబులు వచ్చి పడతాయి కనుక అదే దగ్గరి దారిగా తోస్తుంది. ఆ వంద జవాబులూ తాము వేసుకున్న ప్రశ్నకు జవాబులేనా అనే అనుమానం రిపోర్టు రాసేటప్పుడు గానీ రాదు.

చేతిలో పెద్దగా డబ్బు, ల్యాబు, సహాయకులు లేనివారికి అందుబాటులో ఉండే పద్ధతులు ఐదు. జరుగుతున్నదాన్ని చూసి లెక్కపెట్టడం, అడిగి తెలుసుకోవడం, ఒక మార్పుకు ముందూ తర్వాతా కొలవడం, మనుషులను రెండు గుంపులుగా విడదీసి ప్రయోగం చేయడం, ఒకే మనుషులను రెండు పరిస్థితుల్లో పెట్టి కొలవడం. ఈ ఐదింటినీ పోల్చడానికి వీలైనంతవరకు ఒకే ప్రశ్నను వాడుకుందాం: మధ్యాహ్న భోజనానికి ముందు బడిపిల్లలు సబ్బుతో చేతులు కడుక్కుంటున్నారా, కడుక్కునేలా చేసేది ఏమిటి? కనిగిరి, పొదిలి వైపు పల్లెలో నీళ్ల ట్యాంకరు వచ్చిన రోజుకూ రాని రోజుకూ ఈ ప్రశ్నకు జవాబు మారిపోతుంది. పద్ధతుల బలాబలాలు బయటపడటానికి ఇటువంటి ప్రశ్నే మంచిది.

ముందుగా తేల్చుకోవలసినవి

అన్నింటికంటే మొదట, అధ్యయనం ముగిశాక మీరు ఏ మాట చెప్పదలచుకున్నారో కాగితం మీద రాసుకోవాలి. ఆ మాట మూడు రకాలుగా ఉంటుంది. "ఇంతమంది ఇలా చేస్తున్నారు" అనేది మొదటి రకం. "ఇది ఎక్కువగా ఉన్నచోట అదీ ఎక్కువగా ఉంది" అనేది రెండో రకం. "దీన్ని మార్చినందువల్ల అది మారింది" అనేది మూడో రకం. మూడో మాట అనాలంటే పరిశోధకుడు స్వయంగా ఏదో ఒకటి మార్చి తీరాలి, ఆ మార్పు ఎవరికి దక్కాలి లేదా ఏ రోజు దక్కాలి అన్నది చీటీలు తేల్చాలి. ఈ రెండు షరతులూ లేకుండా "వల్ల" అనే మాట వాడిన ప్రాజెక్టు రిపోర్టులకు లెక్కే లేదు.

రెండోది, మీరు తెలుసుకోదలచిన ప్రవర్తన కంటికి కనబడుతుందా అన్నది. చేతులు కడుక్కోవడం, హెల్మెట్ పెట్టుకోవడం, క్యూలో నిలబడటం కనబడతాయి. పరీక్షల భయం, ఒంటరితనం, ఒకరి మీద నమ్మకం కనబడవు. కనబడేదాన్ని అడిగి తెలుసుకోవడం, కనబడనిదాన్ని చూసి ఊహించడం రెండూ పొరపాటే.

మూడోది మనుషుల సంఖ్య, అంతకంటే ముఖ్యంగా లెక్కకు వచ్చేది మనుషులేనా అన్నది. నలభైమంది పిల్లలున్న బడిలో ఒకే కుళాయి దగ్గర పోస్టరు అంటిస్తే అది అందరికీ కనబడుతుంది. కొందరికి పోస్టరు, కొందరికి లేదు అనే విభజన అక్కడ కుదరదు. అప్పుడు మీరు పోల్చేది పోస్టరు ఉన్న రోజులను, లేని రోజులను. అంటే శాంపిల్ నలభై పిల్లలు కాదు, ఎన్ని రోజులు చూశారో అన్ని రోజులు. ఈ సంగతి పట్టుకోకపోవడంవల్ల పాడైన అధ్యయనాలు చాలా ఉంటాయి, ఎందుకంటే స్టాటిస్టిక్స్ పుస్తకంలోని సూత్రం ఏ అంకె ఇచ్చినా మింగి ఏదో ఒక జవాబు చెబుతుంది.

నాలుగోది, తమను ఎవరో గమనిస్తున్నారని తెలిస్తే మనుషులు ఎంత మారతారు అన్నది. అయిదోది అనుమతి. సమయం, ఖర్చు వీటి తర్వాతే వస్తాయి. వాటితో మొదలుపెట్టినవారు ఎప్పుడూ ప్రశ్నావళి దగ్గరే తేలతారు.

| పద్ధతి | చివరికి అనగలిగే మాట | ప్రధానమైన చిక్కు | ఎవరికి తగినది |
|---|---|---|---|
| చూసి లెక్కపెట్టడం | ఇంతమంది, ఈ వేళల్లో, ఇలా చేస్తున్నారు | కారణం తెలియదు. చూస్తున్నారని తెలిస్తే తీరు మారుతుంది | కనబడే అలవాట్లు, బహిరంగ స్థలాలు |
| అడిగి తెలుసుకోవడం | ఇలా అనుకుంటున్నట్టు, చేస్తున్నట్టు చెప్పారు. ఇదీ అదీ కలిసి కనబడుతున్నాయి | మాటకూ చేతకూ మధ్య దూరం | భావాలు, నమ్మకాలు, జరిగిపోయిన సంఘటనలు |
| ముందు–తర్వాత, ఒకే గుంపు | మారింది (ఎందుకో తెలియదు) | మధ్యలో జరిగిన మిగతా మార్పులన్నీ | పోల్చడానికి ఇంకొకటి దొరకనప్పుడు మాత్రమే |
| రెండు గుంపుల ప్రయోగం | దీనివల్ల మారింది | మనుషులు చాలామంది కావాలి | పెద్ద కాలేజీలు, శిక్షణ ప్రభావం |
| ఒకే మనుషులు, రెండు పరిస్థితులు | దీనివల్ల మారింది | వరుస ప్రభావం, అలవాటు పడటం | తక్కువమంది ఉన్నచోట, తాత్కాలిక ప్రభావాలు |

చూసి లెక్కపెట్టడం

దీన్ని సులువనుకుని మొదలుపెట్టి రెండో రోజుకే చిక్కుల్లో పడతారు. ఒంగోలు కర్నూలు రోడ్డు మీదనో నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గరో నిలబడి హెల్మెట్ పెట్టుకున్నవారిని లెక్కపెట్టాలనుకుందాం. తలమీద ఉండి పట్టీ బిగించినవారు ఒక రకం. తలమీద ఉన్నా పట్టీ గాలికి ఊగుతున్నవారు ఒక రకం. పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకున్నవారు, మోచేతికి తగిలించుకున్నవారు, సిగ్నలు దగ్గర కానిస్టేబులు కనబడగానే తలకెక్కించి మలుపు తిరగగానే తీసేసేవారు ఇంకో మూడు రకాలు. వెనక కూర్చున్నవారి సంగతి వేరే ఉంది. "పెట్టుకున్నారు, పెట్టుకోలేదు" అని రెండే గడులు గీసుకున్న కాగితం ఇక్కడ నిలవదు. ఎవరిని ఏ గడిలో వేయాలో ముందే మాటల్లో రాసి పెట్టుకోవాలి. ఇద్దరు మనుషులు ఒకరి కాగితం ఒకరు చూడకుండా ఒకే అరగంట లెక్కపెట్టి, తర్వాత పోల్చుకోవాలి. ఇద్దరి లెక్కలూ ఎంతవరకు కలిశాయో, కాకతాళీయంగా కలవగలిగిన మేర తీసివేసి చెప్పడానికి 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన కప్పా అనే కొలత ఉంది. అది కట్టడం రాకపోయినా, నూరింట ఎన్నిసార్లు ఏకీభవించారో రాస్తే ఏమీ రాయకపోవడం కంటే చాలా నయం.

వేళ కూడా లెక్కలో భాగమే. ఉదయం ఎనిమిదిన్నరకు రోడ్డు మీద ఉండేవారు వేరు, మధ్యాహ్నం రెండింటికి ఉండేవారు వేరు. వారంలో వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో అరగంట చొప్పున ముక్కలను చీటీలు తీసి ఎంచుకోవాలి తప్ప, మీకు తీరికైన వేళను ఎంచుకోకూడదు. జనం ఎక్కువగా దొరుకుతారు కదా అని మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు గట్టున, రొట్టెల పండుగలో నిలబడి లెక్కపెడితే మీకు దొరికేది నెల్లూరు జనం తీరు కాదు. ఎక్కడెక్కడి నుంచో మొక్కులతో వచ్చిన యాత్రికుల తీరు. ప్రశ్న యాత్రికుల గురించే అయితే అంతకంటే మంచి చోటు లేదు, అది వేరే మాట.

బడి కుళాయి దగ్గరకు వస్తే, నోటుబుక్కు పట్టుకుని కొత్త మనిషి నిలబడిన రోజున పిల్లలంతా బుద్ధిగా కడుక్కుంటారు. దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, మొదటి మూడు నాలుగు రోజుల లెక్కలను పక్కన పెట్టి, పిల్లలకు మీ ఉనికి మామూలైపోయాక మొదలుపెట్టడం. రెండోది నాకు ఎక్కువ నచ్చినది: పిల్లలను కాక సబ్బును చూడటం. రోజూ సాయంత్రం సబ్బు బిళ్లను తుడిచి, ఆరబెట్టి, మరునాడు ఉదయం వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు మీద గ్రాముల్లో తూచి, అంతకుముందు తూకం కంటే తగ్గిన బరువును ముందురోజు భోజనం చేసిన పిల్లల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్కరికి సగటున ఎంత సబ్బు అరిగిందో తెలుస్తుంది. తడి సబ్బును తూస్తే నీటి బరువు కూడా కలుస్తుంది కనుక ఆరబెట్టడం మరిచిపోకూడదు. ఏ పిల్లవాడు కడుక్కున్నాడో ఈ లెక్క చెప్పదు. కానీ ఎవరి పేరూ అడగదు, ఎవరినీ ఇబ్బంది పెట్టదు, అబద్ధం చెప్పదు.

ఈ పద్ధతి చెప్పలేనిది ఒక్కటే, "ఎందుకు" అనేది. ట్యాంకరు వచ్చిన రోజున సబ్బు ఎక్కువగా అరిగిందంటే నీళ్లే కారణమని మనకు అనిపిస్తుంది. ఆ రోజు గుడ్డు పెట్టారేమో, హాజరు పెరిగిందేమో, మండల విద్యాధికారి (ఎం.ఇ.ఓ.) వచ్చి వెళ్లారేమో. వాటిని పక్క గడిలో రాసుకోవడమే చేయగలిగింది.

అడిగి తెలుసుకోవడం

మాటకూ చేతకూ ఉన్న దూరాన్ని చూపడానికి అమెరికా సమాజశాస్త్రవేత్త రిచర్డ్ లాపియర్ 1934లో ప్రచురించిన అధ్యయనాన్ని మించినది ఇప్పటికీ దొరకదు. చైనావారి మీద వివక్ష బలంగా ఉన్న ఆ రోజుల్లో ఆయన ఒక చైనా దంపతులతో కలిసి అమెరికాలో తిరుగుతూ 251 హోటళ్లకు, భోజనశాలలకు వెళితే ఒకే ఒక్కచోట మాత్రం లోపలికి రానివ్వలేదు. తర్వాత అవే సంస్థలకు "చైనావారిని అతిథులుగా అంగీకరిస్తారా" అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చినవారిలో నూటికి తొంభైమందికి పైగా అంగీకరించమన్నారు. ఉత్తరానికి జవాబు రాసినవారూ, ఆనాడు తలుపు దగ్గర నిలబడినవారూ ఒకరేనా అన్న ఆక్షేపణ ఉన్నది, అది న్యాయమైనదే. అయినా ప్రశ్నావళితో ప్రవర్తనను కొలవబోయేవారు ఈ ఉదాహరణను ఒకసారి తలుచుకోవాలి. అక్కడ జనం చేతల్లో కంటే మాటల్లో కఠినంగా ఉన్నారు. మన బడిలో తలకిందులుగా ఉంటుంది. "భోజనానికి ముందు చేతులు కడుక్కుంటారా?" అని మాస్టారు అడిగితే, "కడుక్కుంటాం సార్" అని తరగతి మొత్తం ఏకకంఠంతో చెబుతుంది.

అలాగని ప్రశ్నావళిని తీసిపారేయలేం. పిల్లలు కడుక్కోకపోవడానికి కారణం కుళాయి దగ్గర తోపులాటా, సబ్బు వాసన నచ్చకపోవడమా, చేతులు శుభ్రంగానే ఉన్నాయన్న నమ్మకమా అన్నది అడిగితేనే తెలుస్తుంది. జరిగిపోయిన సంఘటనల విషయంలోనూ అడగడమే దారి. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చినప్పుడు ఎవరు ఏ కబురు నమ్మి ఇల్లు విడిచారు, ఎవరు నమ్మక ఉండిపోయారు అన్నది ఇవాళ ఎవరూ ప్రయోగం చేసి తేల్చలేరు. 1934 బీహారు భూకంపం తర్వాత జనంలో పుట్టిన పుకార్లను జమునా ప్రసాద్ సేకరించి, మరుసటి ఏడాది ప్రచురించారు. భూమి కంపించినా తమకు నష్టం జరగనిచోట కూడా ఇంకా పెద్ద ఉపద్రవం రాబోతోందన్న పుకార్లు ఎందుకు పాకాయన్న ప్రశ్న తర్వాత అమెరికా మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింజర్‌ను ఆలోచనలో పడేసింది. మనసులోని రెండు సంగతులు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు మనిషి ఆ ఇబ్బందిని తగ్గించుకోజూస్తాడని ఆయన 1957లో ప్రకటించిన సిద్ధాంతానికి (కాగ్నిటివ్ డిసొనెన్స్) ఆ పుకార్లు ఒక మొదటి మెట్టు. పుకారు వేడిగా ఉన్నప్పుడే సేకరించడం ఆ పని విలువను పెంచింది. ఏళ్లు గడిచాక అడిగితే జనం చెప్పేది వరద కథ కంటే ఎక్కువగా, వరద గురించి తాము ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చిన కథ.

అడగాలని నిశ్చయించుకున్నవారు ప్రశ్న రాసే తీరులో కొంత జాగ్రత్త పడితే చాలా దోషం తగ్గుతుంది. "సాధారణంగా", "తరచుగా" అనే మాటలున్న ప్రశ్న ఆదర్శాన్ని అడుగుతుంది. "నిన్న మధ్యాహ్నం అన్నానికి ముందు ఏం చేశావో వరసగా చెప్పు" అనే ప్రశ్న జ్ఞాపకాన్ని అడుగుతుంది. ఇంగ్లీషులో తయారైన స్కేలును (ఒక భావాన్ని కొలిచే ప్రశ్నల వరుసను) తెలుగులోకి మార్చి వాడేవారు, ఆ తెలుగును మూలం చూడని ఇంకొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి రెండింటినీ పోల్చుకోవాలి. 1932లో రెన్సిస్ లైకర్ట్ ప్రవేశపెట్టిన, పూర్తిగా ఒప్పుకుంటాను నుంచి అసలు ఒప్పుకోను వరకు ఉండే ఐదు మెట్ల జవాబుల పద్ధతిలో "తటస్థం" అనే మాట పల్లెలో ఎవరి నోటా రానిది. "అటూ ఇటూ చెప్పలేను" అంటే అర్థమవుతుంది. పెద్దవారిని ఇంటికి వెళ్లి అడిగేటప్పుడు, వచ్చినవారిని నొప్పించకూడదన్న మర్యాద కొద్దీ ప్రతిదానికీ "అవునండీ" అనేవారుంటారు. అందుకని కొన్ని వాక్యాలను, అవునంటే వ్యతిరేక అర్థం వచ్చేలా తిరగేసి రాయాలి.

ఎంతమందిని అడగాలి అన్నదానికి ఒక అంచనా: నిజంగా చీటీలు తీసినట్టు ఎంచుకున్న 100 మంది జవాబుల్లో ఒక శాతం అటూ ఇటూ 10 వరకు తప్పవచ్చు, 400 మంది అయితే 5 వరకు. వాట్సాప్ గ్రూపులో దొరికినవారికి ఈ లెక్క వర్తించదు. అక్కడ నాలుగు వేలమంది జవాబిచ్చినా అది ఫోనున్న, తీరికున్న, మీ పరిచయస్తుల అభిప్రాయమే. రెండు సంగతుల మధ్య సంబంధం, ఉదాహరణకు ఫోను వాడే గంటలకూ నిద్రకూ మధ్య ఒక మోస్తరు సహసంబంధం (ఏ సంబంధమూ లేకపోతే 0, పూర్తిగా కలిసి నడిస్తే 1 అనే కొలతలో 0.3) పట్టుకోవాలంటే సుమారు 85 మంది కావాలి. అది దొరికినా ఫోనువల్ల నిద్ర తగ్గిందో, నిద్ర పట్టక ఫోను తీశారో, రెండింటికీ పరీక్షలే కారణమో ఆ అంకె చెప్పదు.

ముందు, తర్వాత

ఒక తరగతికి పరీక్ష పెట్టి, ఏదో శిక్షణ ఇచ్చి, మళ్లీ పరీక్ష పెట్టి, మార్కులు పెరిగాయి కనుక శిక్షణ పనిచేసింది అనడం మన ప్రాజెక్టుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనబడే నమూనా. ఐదింటిలో అన్నిటికంటే బలహీనమైనది కూడా ఇదే. రెండు పరీక్షల మధ్య పిల్లలు నెల పెద్దవారయ్యారు, ప్రశ్నల తీరు అలవాటైంది, ఎండలు తగ్గాయి, ట్యూషన్ మొదలైంది. ఇవన్నీ శిక్షణ ఖాతాలో జమ అవుతాయి. తక్కువ మార్కులు వచ్చినవారిని మాత్రమే ఎంచుకుని శిక్షణ ఇస్తే తప్పు రెట్టింపవుతుంది. మొదటిసారి మరీ తక్కువ వచ్చినవారిలో కొందరు ఆ రోజు జ్వరంతోనో దిగులుతోనో రాసినవారు. రెండోసారి ఏ శిక్షణా లేకపోయినా వారి సగటు కొంత పైకి వస్తుంది.

తప్పనిసరై ఇదే చేయవలసి వస్తే రెండు మరమ్మతులున్నాయి. పక్క ఊరి బడిలో ఏ మార్పూ చేయకుండా అవే రోజుల్లో కొలవడం ఒకటి. ఒకేసారి కాక, మార్పుకు ముందు పది రోజులు, తర్వాత పది రోజులు రోజూ కొలిచి గీత గీసి చూడటం రెండోది. గీత మార్పు జరిగిన రోజు దగ్గరే విరిగితే కొంత నమ్మవచ్చు. అంతకుముందే పైకి పోతూ ఉంటే నమ్మలేం.

రెండు గుంపుల ప్రయోగం

చదువుకునేటప్పుడు ఫోను బల్లమీద ఉంటే ధ్యాస తగ్గుతుందా అనే ప్రశ్న తీసుకుందాం. 2017లో టెక్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫోనును బల్లమీద, జేబులో లేదా సంచిలో, వేరే గదిలో పెట్టించి పరీక్షలు ఇస్తే, వేరే గదిలో పెట్టినవారు మెరుగ్గా చేశారు. తర్వాత ఇతరులు చేసినప్పుడు ప్రతిసారీ అదే ఫలితం రాలేదు కనుక, నెల్లూరు కాలేజీలో మళ్లీ చేసి చూడటం చిన్నబుచ్చుకోవలసిన పనేమీ కాదు. ఆ పని సరిగ్గా చేయాలంటే ఎవరి ఫోను ఎక్కడ ఉండాలో చీటీ తీసో, నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా చూసో నిర్ణయించాలి. ముందు బెంచీలవారిది ఒక గుంపు, వెనక బెంచీలవారిది ఇంకో గుంపు అంటే ప్రయోగం అక్కడే ముగిసిపోయినట్టు. ఎ సెక్షన్, బి సెక్షన్ అని పంచుకున్నా అంతే, ఎందుకంటే కొన్ని కాలేజీల్లో సెక్షన్లు మార్కులను బట్టే చేస్తారు.

ఈ పద్ధతి అడిగే మూల్యం మనుషులు. నూటికి ఎనభైసార్లు నిజమైన తేడాను పట్టుకోవాలని, లేని తేడాను ఉందనుకునే పొరపాటు నూటికి ఐదుసార్లకు మించకూడదన్న మామూలు ప్రమాణంతో లెక్క వేస్తే, తేడా మధ్యస్థంగా (సగం స్టాండర్డ్ డీవియేషన్, అంటే మనిషికీ మనిషికీ మధ్య అంకెలు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలతలో సగం) ఉన్నప్పుడు ఒక్కో గుంపులో 64 మంది కావాలి. పెద్ద తేడాకు (అదే కొలతలో 0.8) 26 మంది చాలు. చిన్న తేడాకు (0.2) ఒక్కో గుంపులో 390కి పైగా కావాలి. పదిహేనుమంది చొప్పున రెండు గుంపులు పెట్టి "తేడా లేదు" అని తేల్చిన రిపోర్టుకు, తేడాను చూడలేనంత చిన్న అద్దం పెట్టుకున్నాం అన్నదే అసలు అర్థం. దీనికి రెండో ముఖం కూడా ఉంది. చిన్న శాంపిళ్లలో తళుక్కుమన్న తేడాల్లో చాలావరకు మళ్లీ కనబడవు. 2015లో ప్రచురితమైన ఒక సామూహిక ప్రయత్నంలో 100 మనస్తత్వశాస్త్ర అధ్యయనాలను తిరిగి చేస్తే, మూలంలో నూటికి 97 సార్లు నిలిచిన ఫలితం తిరిగి చేసినప్పుడు నూటికి 36 సార్లే నిలిచింది. పెద్ద విశ్వవిద్యాలయాల పరిస్థితే అది.

ఇంకొక చిక్కు, గుంపులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం. హాస్టల్లో ఒకే గదిలో ఉండే నలుగురిలో ఇద్దరికి ఒక చదువు పద్ధతి, ఇద్దరికి ఇంకొకటి నేర్పితే రాత్రికల్లా నలుగురికీ రెండూ వచ్చేస్తాయి. అక్కడ గదుల వారీగా చీటీలు తీయాలి. అప్పుడు లెక్కకు వచ్చేవి గదులని మళ్లీ గుర్తుపెట్టుకోవాలి.

ఒకే మనుషులు, రెండు పరిస్థితులు

ముప్పై నలభైమందికి మించి దొరకనివారికి నా సలహా చాలాసార్లు ఇదే. ప్రతి మనిషీ తనకు తానే పోలిక కనుక, మనిషికీ మనిషికీ ఉండే సహజమైన తేడా లెక్కలోంచి తొలగిపోతుంది. రెండు కొలతల మధ్య ఓ మోస్తరు పొంతన ఉన్నప్పుడు, పైన చెప్పిన మధ్యస్థమైన తేడాకు మొత్తం 34 మంది సరిపోతారు. రెండు గుంపుల పద్ధతిలో దానికే 128 మంది కావాలి.

ఈ పొదుపు ఊరికే రాదు. ఫోను బల్లమీద పెట్టి ఒక పదాల జాబితా, ఫోను వేరే గదిలో పెట్టి ఇంకో జాబితా గుర్తుపెట్టుకోమంటే, రెండోసారి అనుభవంవల్ల మెరుగుపడతారు లేదా అలసటవల్ల దిగజారతారు. అందుకని సగంమంది ఒక వరుసలో, మిగతా సగం తిరుగు వరుసలో చేయాలి. జాబితాలను కూడా అలాగే అటూ ఇటూ మార్చాలి. రెండు జాబితాల్లోని పదాలు సమాన కష్టంతో ఉండాలి. ఒకదానిలో "చెట్టు, పలక, కుండ" వంటి మాటలు, ఇంకోదానిలో "న్యాయం, ఓర్పు, హోదా" వంటి మాటలు పెడితే ఫోను సంగతి కాకుండా పదాల సంగతి తెలుస్తుంది. ఒకసారి పడితే పోని ప్రభావాలకు ఈ పద్ధతి పనికిరాదు. ఈత నేర్పాక మళ్లీ ఈత రాని స్థితికి తీసుకుపోలేం కదా.

దీనికే ఇంకో రూపం, మనుషుల బదులు రోజులను మార్చడం. న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో ఒక టీ గదిలో ఎవరికి వారే డబ్బులు వేసే పెట్టె పైన, ఒక వారం కళ్ల బొమ్మ, ఒక వారం పూల బొమ్మ చొప్పున పది వారాలు మార్చి పెట్టి, 2006లో ఫలితం ప్రచురించారు. కళ్లున్న వారాల్లో దాదాపు మూడు రెట్లు డబ్బు పడింది. చాలా అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణలో, కళ్ల బొమ్మలవల్ల ఔదార్యం పెరుగుతుందనడానికి ఆధారం కనబడలేదు. ఆ కళ్ల సంగతి ఎలా ఉన్నా, అంత తక్కువ ఖర్చుతో నిజమైన ప్రవర్తనను కొలిచిన ఆ నమూనా మన బడికి చక్కగా సరిపోతుంది. సబ్బును మామూలు చోట పెట్టిన రోజులు, పళ్లేలు తీసుకునే వరుస పక్కనే పెట్టిన రోజులు అని రెండు రకాలు చేసి, నలభై పనిదినాల్లో ఏ రోజు ఏ రకమో ముందుగానే చీటీలు తీసి రాసి పెట్టుకుని, రోజూ సబ్బును తూచితే చాలు. చీటీలు తీయకుండా సోమ, బుధ, శుక్రవారాలు ఒకటి, మంగళ, గురువారాలు ఇంకొకటి అంటే భోజనంలో వడ్డించే రోజువారీ పట్టిక ఫలితంలో కలిసిపోతుంది. నీళ్లు రాని రోజులను ఎలా లెక్కించాలో కూడా ముందే రాసుకోవాలి. అంకెలు చూశాక నిర్ణయిస్తే మనకు కావలసిన వైపే నిర్ణయిస్తాం.

అనుమతి విషయం

భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు ప్రవర్తన పరిశోధనకూ వర్తిస్తాయి. 18 ఏళ్ల లోపువారికి తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి, ఏడేళ్లు దాటిన పిల్లలైతే దానితోపాటు వారి సొంత అంగీకారం కావాలి. హెడ్మాస్టరుగారి సంతకం అవసరమే, కానీ అది తల్లిదండ్రుల సంతకానికి బదులు కాదు. రోడ్డు మీద పేరు, బండి నెంబరు, ఫొటో లేకుండా లెక్కపెట్టడం దీనికంటే తేలిక. ఫొటో తీయగానే అది తేలిక కాకుండా పోతుంది. తక్కువ మనుషులున్న చిన్న ఊళ్లలో పేరు రాయకపోయినా "52 ఏళ్లు, మహిళ, టీచరు" అంటే ఎవరో తెలిసిపోతుంది. అందుకని వయసును పదేళ్ల ముక్కలుగా రాసుకోవడం మంచిది.

ఎవరికి ఏది

మూడు నెలల గడువున్న డిగ్రీ విద్యార్థికి: ప్రశ్న కంటికి కనబడేదైతే పరిశీలన, ధ్యాస లేదా జ్ఞాపకం గురించైతే ఒకే మనుషుల మీద ప్రయోగం. గైడు ప్రశ్నావళే కావాలంటే దానికి తోడుగా ఒక్క కనబడే కొలత పెట్టుకోండి. మాటకూ చేతకూ ఉన్న తేడాయే మీ రిపోర్టులో అందరూ చదివే పేజీ అవుతుంది.

తన తరగతిలో ఏదైనా పనిచేస్తుందో లేదో చూడదలచిన ఉపాధ్యాయుడికి రోజులను మార్చే పద్ధతి సరిపోతుంది, ఎందుకంటే ఏ పిల్లవాడికీ ఏదీ పూర్తిగా దక్కకుండా పోదు. ప్రభావం నిలిచిపోయేదైతే, రెండు సెక్షన్లలో ఒకదానికి ముందు, ఇంకోదానికి నెల తర్వాత మొదలుపెట్టి, ఆగిన సెక్షన్‌ను ఆ నెలంతా పోలికగా వాడుకోవచ్చు. అయితే రెండు సెక్షన్లంటే రెండే ముక్కలు. వాటితో మీ బడికి నిర్ణయం తీసుకోవచ్చు, జిల్లాకు చెప్పలేరు.

ఆశా కార్యకర్తలతోనో స్వచ్ఛంద సంస్థతోనో పనిచేసేవారికి తరచు ఇరవై ముప్పై ఊళ్లు చేతిలో ఉంటాయి. అంతకంటే మంచి అవకాశం పెద్ద పరిశోధకులకు కూడా దొరకదు. కార్యక్రమాన్ని ఎలాగూ ఒకేసారి అన్ని ఊళ్లలో మొదలుపెట్టలేరు కనుక, ఏ ఊరు ముందో చీటీలు తీసి తేల్చితే అదే ప్రయోగమైపోతుంది. సర్పంచి అడిగిన ఊరు ముందు అన్నారంటే ఆ అవకాశం పోయినట్టే.

తన అలవాటునే పరీక్షించుకోదలచినవారికి, ఉదాహరణకు సాయంత్రం కాఫీ మానితే నిద్ర త్వరగా పడుతుందా అన్నవారికి, వారం తాగి, వారం మాని, మళ్లీ వారం తాగి, మళ్లీ వారం మానే నాలుగు విడతల పద్ధతి ఉంది. రెండుసార్లూ మార్పు ఒకేవైపు కనబడితే దానికి విలువ ఉంటుంది. ఆ ఫలితం మీ ఒక్కరికే చెందుతుంది.

ఇంతా చూశాక కూడా రెండు పద్ధతుల మధ్య తేలనివారు రెండింటినీ పదేసిమంది మీద, ఒక్కో పూట చేసి చూడాలి. ఏ కాగితంలో గడులు చాలలేదో, ఏ ప్రశ్న దగ్గర మనిషి ఆగి ముఖం చూశాడో, ఏ పని అనుకున్నదానికంటే రెట్టింపు సమయం తీసుకుందో ఆ పూటలోనే బయటపడుతుంది. ఆ పదిమంది లెక్కలను మాత్రం అసలు అధ్యయనంలో కలపకూడదు.